చుక్క కేసు: పరీక్షలకని వెళ్లిపోయే వాలంటీర్, మనిషంటే భయపడే కుక్క

షెల్టర్‌కు వచ్చే విద్యార్థులు మొదటి రోజే అడిగే మాట ఒకటుంది: "కుక్కల్ని ఎప్పుడు ముట్టుకోవచ్చు?" ఆ ఇష్టంతోనే వాళ్లు వస్తారు కాబట్టి ఆ ప్రశ్న నాకు నచ్చుతుంది. కానీ కొన్ని కుక్కలకు మనిషి చెయ్యే అసలు సమస్య. ఈ కేసు అలాంటి ఒక ఆడకుక్కది. నుదుటి మీద తెల్లమచ్చ చూసి స్టాఫ్ దానికి చుక్క అని పేరు పెట్టారు. దానితో మొదట పనిచేసింది డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి. తర్వాత ఆమె క్లాస్‌మేట్ ఒక అబ్బాయి చేరాడు. ఇద్దరినీ అడిగే ఇది రాస్తున్నాను. పేర్లు మాత్రం ఇవ్వడం లేదు.

నేను షెల్టర్‌లో కుక్కల ప్రవర్తన, వాలంటీర్ల శిక్షణ చూసుకుంటాను. భయపడే కుక్క ఓపికగా పనిచేస్తే మారుతుందని ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. దాని కోసం ఇంత రాయక్కర్లేదు. నన్ను ఆలోచింపజేసింది వేరే విషయం. విద్యార్థికి పరీక్షలుంటాయి, ప్రాజెక్టులుంటాయి, సెలవులకు ఊరెళ్లడం ఉంటుంది, చదువైపోతే వెళ్లిపోవడం ఉంటుంది. కుక్క కష్టపడి ఒక్క మనిషిని నమ్మడం నేర్చుకున్నాక ఆ మనిషి రావడం మానేస్తే ఏమవుతుంది? ఆ వెళ్లిపోవడాన్ని కూడా మొదటి వారంలోనే ప్లాన్‌లో రాసుకోవాలని నా అభిప్రాయం. చుక్క విషయంలో అలాగే చేశాం.

వచ్చినప్పుడు ఎలా ఉంది

పళ్ల అరుగుదలను బట్టి డాక్టర్ దానికి రెండేళ్లు ఉండొచ్చన్నారు. ఒక గోదాము వెనక ఆవరణలో కట్టేసి పెంచారు. తిండి గిన్నె దూరం నుంచి తోసేవాళ్లు. అంతకుమించి మనుషులతో దానికి పరిచయం లేదు. మాకు తెలిసిన గతం అంతే.

ఆ గతంలో మాకు ముఖ్యమైనది కట్టేసిన తాడు కంటే కూడా పిల్లగా ఉన్నప్పటి ఖాళీ. కుక్కపిల్ల సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు ఏవి చూస్తే, ఎవరిని కలిస్తే వాటిని మామూలు విషయాలుగా తీసుకుంటుంది. స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించి 1965లో ప్రచురించిన పనిలో ఈ దశను వివరంగా రాశారు. ఆ వారాల్లో మనుషుల స్పర్శ తెలియని కుక్క తర్వాత నేర్చుకోలేదని కాదు. నేర్చుకుంటుంది. కాకపోతే ప్రతి కొత్త మనిషి దగ్గరా దాదాపు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఈ ఒక్క విషయం చుట్టూనే మా ప్లాన్ అంతా తిరిగింది.

షెల్టర్‌కు వచ్చిన తొలి రోజుల్లో చుక్క కెన్నెల్ వెనక గోడకు అతుక్కుని ఉండేది. తోక కడుపు కిందికి, చెవులు వెనక్కి, బరువంతా వెనక కాళ్ల మీద. ఎవరైనా తలుపు ముందు నుంచి నడిస్తే బిగుసుకుపోయేది. పగలు తినేది కాదు. రాత్రి అందరూ వెళ్లాక గిన్నె ఖాళీ అయ్యేది. అంటే ఆకలి ఉంది, మనుషుల ముందు తినే ధైర్యమే లేదు. పనికి అదే మా ఆరంభ బిందువు అయింది.

మొదటి రోజుల్లో కనిపించే ప్రవర్తనను చూసి కుక్క స్వభావాన్ని తేల్చకూడదు. షెల్టర్‌కు వచ్చిన మొదటి మూడు రోజుల్లో కుక్కల రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ బాగా ఎక్కువగా ఉంటుందని హెన్నెస్సీ బృందం 1997లోనే చూపించింది. పైగా కెన్నెల్ వరసల్లో మొరుగుడు తరచూ 100 డెసిబెల్స్ దాటుతుంది. మనిషి కంటే ఎంతో సున్నితమైన చెవులున్న జంతువు అక్కడ ఇరవై నాలుగు గంటలూ ఉండాలి. అందుకే చుక్కను వరస చివర, రాకపోకలు తక్కువ ఉన్న కెన్నెల్‌కు మార్చాం. లోపల పక్కకు తిప్పిన ఒక పెద్ద పెట్టె పెట్టాం, దాక్కోవడానికి. తలుపుకు కింది సగం గుడ్డ కట్టాం. "దాక్కోనిస్తే భయం పోదు కదా మేడం?" అని స్టాఫ్‌లో ఒకరు అడిగారు. నా అనుభవంలో జరిగేది దానికి వ్యతిరేకం. దాక్కునే చోటు ఉన్న కుక్కే ముందుగా బయటికి తొంగి చూస్తుంది.

ప్రవర్తన పని మొదలుపెట్టే ముందు ఒంట్లో నొప్పి లేదని తేల్చుకోవాలి. చుక్కకు కుడి చెవిలో పాత ఇన్ఫెక్షన్ ఉంది. అలాంటి కుక్క తల మీద చెయ్యి వేస్తే అది కసురుకోవడం భయం వల్లా, నొప్పి వల్లా అని ఎవరికి తెలుస్తుంది? చెవికి మందు వేయడం పూర్తయ్యే వరకు మేం దాన్ని వేరే ఏ పనికీ ముట్టుకోలేదు. వచ్చిన రోజే డిస్టెంపర్, పార్వో లాంటి అంటువ్యాధులకు టీకా, నులిపురుగుల మందు పడ్డాయి. రెండు వారాలు విడిగా ఉంచి గమనించాం. ఆ రెండు వారాలు విద్యార్థులెవరినీ అటు పంపలేదు. పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది, చెప్పులకు అంటుకుని పక్క కెన్నెల్‌లోని కుక్కపిల్లల దాకా వెళ్తుంది. చేతులకు రాసుకునే శానిటైజర్ దాని మీద సరిగా పనిచేయదు కూడా. ఈ సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు, ఒక కుక్క దగ్గర శానిటైజర్ రాసుకుని నేరుగా ఇంకో కుక్క దగ్గరికి వెళ్లిపోతారు.

ఆ అమ్మాయిని ఎందుకు ఎంచుకున్నాం

ఆమె కుక్కల గురించి బాగా తెలిసిన మనిషి కాదు. ఇంట్లో ఎప్పుడూ కుక్కను పెంచలేదు. కానీ మొదటి వారాల్లో కెన్నెల్స్ కడిగే పని ఇస్తే, నెమ్మదిగా, గిన్నెలు చప్పుడు కాకుండా పెడుతూ చేసింది. మొరిగే కుక్క ముందు నిలబడి "ఏంట్రా, ఏంట్రా" అని గట్టిగా పలకరించే అలవాటు లేదు. వారంలో మూడు సాయంత్రాలు అన్న టైమ్‌కు వచ్చింది. భయపడే కుక్కకు వాలంటీర్‌ను చూసేటప్పుడు నేను ప్రేమ ఎంత ఉందని చూడను, అది అందరికీ ఉంటుంది. చేతులు ఎంత నెమ్మదిగా కదులుతాయి, చెప్పిన టైమ్‌కు వస్తారా లేదా అన్నవే చూస్తాను.

ఆమె పని మొదలుపెట్టే ముందే రేబిస్ ముందస్తు టీకా వేయించుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నుంచి దీన్ని రెండు విడతల్లో, మొదటి రోజు, మళ్లీ వారం తర్వాత, సరిపెట్టొచ్చని చెబుతోంది. ఇది వేసుకున్నాం కదా అని కాటు పడితే ఊరుకోవడానికి లేదు. గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, డాక్టర్ దగ్గరికి వెళ్లి మళ్లీ డోసులు వేయించుకోవాలి. ముందు టీకా ఉన్నవాళ్లకు గాయం దగ్గర ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల) ఇంజెక్షన్ అవసరం పడదు, అదే పెద్ద ఊరట. చిన్న గీతే కదా అని చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయే విద్యార్థులు ఉంటారు, తిడతారేమోనని. అందుకే శిక్షణలో నేను మొదట చెప్పేది ఇదే: ఇక్కడ గాయం దాచినందుకు తప్ప గాయమైనందుకు ఎవరూ తిట్టరు.

ప్లాన్

ప్లాన్ చాలా చిన్నది. వచ్చే టైమ్ ఒకటే ఉండాలి. కూర్చునే చాప ఒకటే ఉండాలి. చుక్క వైపు ముఖం పెట్టకుండా, పక్కకు తిరిగి, నేల మీద కూర్చోవాలి. చెయ్యి చాపకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, కళ్లలోకి చూడకూడదు. కూర్చున్నాక అప్పుడప్పుడు ఒక ఉడికించిన చికెన్ ముక్కను చుక్క వెనక వైపుకు విసరాలి. లేచి వెళ్లేటప్పుడు ముక్కలు ఆగిపోవాలి.

ఇందులో రెండు చోట్ల విద్యార్థులు తడబడతారు. మొదటిది వరస. మనిషి ముందు కనిపించాలి, తిండి తర్వాత రావాలి. ముందు తిండి పెట్టి, అది తింటుండగా దగ్గరికి వెళ్తే కుక్క నేర్చుకునేది "తిండి వచ్చిందంటే వెనకే భయపెట్టేది వస్తుంది" అని. కొన్నాళ్లకు తిండిని చూసినా వెనక్కి తగ్గుతుంది. రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల్లో కుక్కకు ముందు శబ్దం, తర్వాత ఆహారం అందడమే ఆ నేర్పుకు మూలం. వరస తిరగబడితే అదే నేర్పు మనకు ఎదురు పనిచేస్తుంది.

రెండోది ముక్కను ఎక్కడ వేయాలన్నది. అరచేతిలో పెట్టి "రా, రా" అని పిలవడం అందరికీ సహజంగా వస్తుంది. ఆకలి లాగుతుంటే కుక్క మెడ సాచుకుంటూ, వెనక కాళ్లు అక్కడే ఉంచి, ముందుకు వస్తుంది. ముక్క నోట్లో పడేసరికి తిండి మీది ధ్యాస పోయి, తానెంత దగ్గరగా ఉందో దానికి తెలుస్తుంది. అక్కడే ఉలిక్కిపడుతుంది, కొన్ని కుక్కలు అక్కడే కరుస్తాయి. ముక్కను దాని వెనక్కి విసిరితే దూరం జరగడానికి కూడా బహుమానం వస్తుంది. ఒత్తిడి తగ్గుతుంది. తినేసి, ఇంకోటి వస్తుందేమోనని అదే తన ఇష్టంతో తిరిగి వస్తుంది. దగ్గరికి రావాలన్న నిర్ణయం కుక్క చేతిలో ఉంటుంది. ఈ పద్ధతిలో పురోగతి నెమ్మదిగా కనిపిస్తుంది కానీ వెనక్కి పోవడం తక్కువ.

కూర్చుని ఏం చేయాలని ఆ అమ్మాయి అడిగింది. "చదువుకో, మెల్లగా, పైకి చదువు" అన్నాను. పాఠం చదివే గొంతు ఒకే స్థాయిలో సాగుతుంది, కళ్లు పుస్తకం మీద ఉంటాయి, చేతులు పేజీ తిప్పడానికి తప్ప కదలవు. భయపడే కుక్కకు కావాల్సినవన్నీ అందులో ఉన్నాయి. అమెరికాలో మిస్సోరి హ్యూమేన్ సొసైటీ పిల్లల చేత షెల్టర్ కుక్కలకు పుస్తకాలు చదివించే కార్యక్రమం నడుపుతోంది. మా అమ్మాయి అకౌంటెన్సీ చదివింది. ఆమె సిలబస్ కూడా ముందుకు కదిలింది.

మొదటి రెండు మూడు వారాలు

పైకి చూస్తే ఏమీ జరగలేదు. చుక్క పెట్టెలోనే ఉంది. ముక్కలు అలాగే పడి ఉండేవి, ఆమె వెళ్లాక మాయమయ్యేవి. విద్యార్థి వాలంటీర్లలో చాలామంది ఈ దశలోనే మానేస్తారు. పక్క కెన్నెల్ దగ్గర స్నేహితులు కుక్కపిల్లలతో ఆడుకుంటుంటారు, ఫొటోలు దిగుతుంటారు. ఈమె గోడ వైపు తిరిగి పాఠం చదువుకుంటూ ఉంటుంది. ఒక సాయంత్రం వచ్చి, "ఇవాళ కూడా ఏమీ జరగలేదు మేడం" అంది. గొంతులో నీరసం తెలిసింది.

నోట్‌బుక్ తెమ్మన్నాను. ప్రతి సాయంత్రం ఆమె రాసే పుస్తకం అది. మొదటి పేజీల్లో "చుక్క భయపడింది", "చుక్క కొంచెం బాగుంది" అని ఉంది. ఆ మాటలు మనకు పనికిరావు, కంటికి కనిపించింది రాయాలని అప్పటికే చెప్పి ఉన్నాను. తర్వాతి పేజీల్లో రాత మారింది. నాలుకతో మూతి ఎన్నిసార్లు తడుముకుంది, ఆవలించిందా, కంటి తెల్లగుడ్డు అంచు కనిపించేలా ఓరగా చూసిందా, తల పెట్టె అంచు దాకా వచ్చిందా, ఊపిరి నోరు తెరిచి తీస్తోందా మూసుకునా. కుక్క నిద్ర రాకపోయినా ఆవలించడం, ఏమీ తినకపోయినా మూతి తడుముకోవడం ఒత్తిడికి గుర్తులు. పక్కపక్కన పెట్టి చూస్తే, రెండో వారం చివరికి ఆవలింతలు తగ్గాయి. ఆమె వచ్చినప్పుడు చుక్క తల పెట్టె లోపలి గోడ వైపు కాకుండా బయటి వైపు ఉంటోంది. "జరిగింది చూడు" అని ఆ పేజీలే చూపించాను.

ఏమీ జరగడం లేదనిపించే రోజుల్లో వాలంటీర్‌ను నిలబెట్టేది ఈ నోట్‌బుక్కే. మెచ్చుకోలు ఒక పూట పనిచేస్తుంది. తన చేతిరాతలో తానే మార్పును చూడగలిగితే మళ్లీ వస్తారు.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఆమె పుస్తకం నుంచి తలెత్తకుండానే నమిలే చప్పుడు విన్నానని రాసింది. మనిషి ఉండగా చుక్క తిన్న మొదటి ముక్క అది. అక్కడి నుంచి వేగం పెరిగింది. తినడానికి పట్టే సమయం తగ్గుతూ వచ్చింది, పెట్టెకూ చాపకూ మధ్య దూరం తగ్గుతూ వచ్చింది. ఒకరోజు చుక్క ఆమె మోచేతిని వాసన చూసింది. ఆమె కదల్లేదు. ఆ కదలకపోవడానికి ఎంత నిగ్రహం కావాలో ఈ పని చేసినవాళ్లకే తెలుస్తుంది.

స్పర్శను కూడా చుక్క ఇష్టానికే వదిలాం. ఛాతీ పక్కన రెండు మూడు సెకన్లు వేళ్లతో రాయడం, చెయ్యి తీసేయడం, ఆగడం. కుక్క ఒరిగితే లేదా మూతితో చేతిని తోస్తే మళ్లీ రాయాలి. అలాగే నిలబడిపోతే ఆపేయాలి. కదలకుండా ఉన్న కుక్కను చూసి "ఎంత బుద్ధిగా ఉందో" అనుకోవడం చాలా ప్రమాదం. బిగుసుకుపోవడం ఒప్పుకోవడం కాదు.

సందర్శకుల రోజు

ఈ దశలో ఒక ఎదురుదెబ్బ తగిలింది. సందర్శకులు వచ్చే రోజున ఒకాయన తలుపుకు కట్టిన గుడ్డ తప్పించి, ఊచల మధ్య నుంచి చెయ్యి లోపలికి పెట్టి, ఫోన్ ఫ్లాష్ వేశాడు. చుక్క గుర్రుమంది. ఆయన చెయ్యి తీయలేదు, అది పళ్లు చూపించింది. కరవలేదు. సాయంత్రానికి దాని కార్డు మీద "కోపిష్టి" అని రాయాలన్న మాట వచ్చింది.

నేను ఒప్పుకోలేదు. అది ముందు బిగుసుకుంది, తర్వాత గుర్రుమంది, ఆ తర్వాత పళ్లు చూపించింది. ప్రతి మెట్టు దగ్గరా చెప్పింది. అన్ని అవకాశాలున్నా కరవలేదు. గుర్రుమన్నందుకు కుక్కను దండిస్తే అది గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. ఇక హెచ్చరిక లేకుండా కరిచే కుక్క తయారవుతుంది. అలాంటి కుక్కను ఏ ఇంటికి ఇవ్వగలం? కార్డు మీద "ఊచల్లోంచి చెయ్యి పెట్టొద్దు, కొత్తవారు దూరంగా ఉండాలి" అని రాశాం. సందర్శకుల రోజున ఆ వరస మూసేయడం అప్పటి నుంచే మొదలైంది.

ఆ తర్వాత రెండు మూడు రోజులు శిక్షణ ఏదీ పెట్టలేదు. ఒక పెద్ద భయం తర్వాత చిన్న చప్పుడుకు కూడా కుక్క ఎక్కువగా ఉలిక్కిపడుతుంది, ఒక భయం మీద ఇంకోటి పేరుకుంటుంది. ఆ అమ్మాయి వచ్చి మామూలుగా కూర్చుని చదువుకుని వెళ్లింది. చుక్క కొన్ని అడుగులు వెనక్కి తగ్గింది, అంతకుముందు వారాల కంటే త్వరగానే తిరిగి వచ్చింది.

పరీక్షలు

అకడమిక్ క్యాలెండర్ మా దగ్గర మొదటి రోజే ఉంది కాబట్టి ఇది మాకు ఆకస్మికం కాదు. ఆమెకు మాత్రం చాలా కష్టమైంది. పరీక్షలకు నెల ముందు, ప్లాన్ ప్రకారం రెండో వాలంటీర్‌ను తీసుకొస్తున్నామని చెబితే ముఖం మారిపోయింది.

"పరీక్షలప్పుడు కూడా అరగంట వచ్చి పోతాను మేడం. నేను రాకపోతే తను తినదేమో."

"నువ్వు రాకపోయినా తినేలా చేయడమే కదమ్మా మన పని."

"వేరేవాళ్లను నమ్మేస్తే నన్ను మర్చిపోతుందా?"

మర్చిపోదని చెప్పాను, అది నిజమే కాబట్టి. క్లాసులు ఎగ్గొట్టి రావొద్దని కూడా గట్టిగా చెప్పాను. షెల్టర్ కోసం మార్కులు పోగొట్టుకున్న విద్యార్థి ఆ తర్వాత ఏడాది రాడు. ఇంట్లోవాళ్లు రానివ్వరు. ఆ బాధ్యత మాది కూడా.

ఒక మనిషిని నమ్మిన కుక్క మనుషులందరినీ నమ్మినట్టు కాదు. ఇది మొదటిసారి చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. ఆమె ఒళ్లో మూతి పెట్టే చుక్క, ఆమె స్నేహితుడు గేటు దగ్గర కనిపించగానే పెట్టెలోకి దూరిపోయింది. చుక్క నేర్చుకున్నది ఈ చాప మీద కూర్చుని, ఈ గొంతుతో చదివే ఈ మనిషి వల్ల ప్రమాదం లేదని మాత్రమే. ఇందులో కొన్నింటిని అలాగే ఉంచి, ఒక్కొక్కదాన్నే మార్చాలి.

ఆ అబ్బాయి పొడగరి, గొంతు పెద్దది. ఆడవాళ్ల కంటే మగవాళ్లకు ఎక్కువగా భయపడే కుక్కలు షెల్టర్లలో మామూలే. అందుకే కావాలనే అతన్ని తీసుకున్నాం, సులువైన మనిషితో అప్పగింత చేస్తే దత్తత ఇంట్లో మగవాళ్లు ఎదురైనప్పుడు కథ మళ్లీ మొదటికి వస్తుంది. మొదట ఇద్దరూ కలిసి వచ్చారు. ఆమె తన చాప మీద, అతను తలుపు అవతల, దూరంగా, నేల మీద. ఆమె చదివింది, అతను ఏమీ చేయలేదు. తర్వాత ముక్కలు విసరడం అతని పని అయింది, చదవడం ఆమెదే. ఆ తర్వాత చదవడం అతనిది. ఆ తర్వాత చోట్లు మారారు. అప్పుడుగానీ ఆమె మధ్యలో లేచి వెళ్లిపోవడం మొదలుపెట్టలేదు, మొదట కొన్ని నిమిషాలు, తర్వాత ఎక్కువసేపు. ఆమె లేనప్పుడు చుక్క ఒకసారి తినడం ఆపేస్తే ఆ రోజుకు అక్కడితో ముగించాం.

అతనితో మనిషి ముందు తినే దశకు రావడానికి ఆ అమ్మాయికి పట్టినంత కాలం పట్టలేదు. సగం కంటే తక్కువే. పరీక్షల రోజుల్లో మా స్టాఫ్‌లో ఒకరిని మూడో మనిషిగా చేర్చాం, ఆమెకు ఇంకా తక్కువ పట్టింది. నేను ఈ కేసులో అన్నింటికంటే విలువైనదిగా చూసేది ఇదే. మొదటి మనిషి దగ్గర చుక్క ఒక వ్యక్తిని నేర్చుకుంది. మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి మనుషులను నేర్చుకోవడం మొదలుపెట్టింది. పరీక్షలు రాకపోయి ఉంటే, ఆ అమ్మాయి రోజూ వస్తూ ఉంటే, మేం బహుశా ఆమె ఒక్కదానితోనే ఇంకా ముందుకు వెళ్లి ఉండేవాళ్లం. చుక్కకు అది మంచి చేసేది కాదు.

పరీక్షలయ్యాక ఆమె వచ్చినప్పుడు చుక్క పెట్టెలోంచి బయటికి వచ్చి, ఒళ్లంతా ఊపుకుంటూ చాప మీద కూర్చుంది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది.

షెల్టర్ బయట

నడకకు తీసుకెళ్లేటప్పుడు హార్నెస్‌కు (ఛాతీ చుట్టూ కట్టే పట్టీకి) ఒక తాడు, మెడ బెల్టుకు ఇంకో తాడు, రెండూ ఉండాలన్నది మా నియమం. భయపడిన కుక్క ముందుకు లాగదు, వెనక్కి లాగి తల బెల్టులోంచి జార్చేస్తుంది. అలా తప్పిపోయిన కుక్కను పట్టుకోవడం దాదాపు అసాధ్యం, పిలిచిన కొద్దీ పరుగెడుతుంది. చుక్కను మొదట మూసి ఉన్న ఆవరణలోనే తిప్పాం, ధైర్యంగా ఉండే ఒక ముసలి కుక్కను తోడు పెట్టి. ఆ కుక్క మనుషుల దగ్గరికి వెళ్లి నిలబడటం చూసి చుక్క దాని వెనకే వచ్చేది.

తర్వాత దాన్ని రెండు రాత్రులు ఇంట్లో ఉంచాలనుకున్నాం. ఒకటి రెండు రాత్రులు ఇంటికి తీసుకెళ్లి మళ్లీ షెల్టర్‌కు తెస్తే కుక్కకు ఇంకా బాధ కాదా అని చాలామంది అడుగుతారు. గంటర్ బృందం అయిదు షెల్టర్లలో 207 కుక్కల మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో ఉన్న రోజుల్లో కార్టిసాల్ తగ్గింది. తిరిగి వచ్చాక పాత స్థాయికి చేరింది తప్ప దాన్ని మించలేదు. ఆ అమ్మాయి హాస్టల్‌లో ఉంటుంది కాబట్టి కుదరలేదు. అబ్బాయి ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు. షెల్టర్‌లో ఎప్పుడూ కాళ్లు ముడుచుకుని పడుకునే కుక్క అక్కడ రెండో రాత్రి పక్కకు వాలి, కాళ్లు చాపి నిద్రపోయిందని అతని తల్లి ఫోన్ చేసి చెప్పారు. అంతకంటే మాకు పనికొచ్చిన సమాచారం ఇంకొకటి: మిక్సీ చప్పుడుకు పారిపోయింది, డోర్‌బెల్‌కు పట్టించుకోలేదు, మెట్లు ఎక్కడం తెలియదు. దత్తత తీసుకునేవాళ్లకు ఇవన్నీ రాసిచ్చాం.

చుక్కను పిల్లలు లేని ఒక జంట తీసుకున్నారు. వాళ్ల దగ్గర అప్పటికే నెమ్మదైన కుక్క ఒకటి ఉంది. అప్పగించే ముందు వాళ్లిద్దరూ పలుమార్లు వచ్చి, అదే చాప మీద, పక్కకు తిరిగి కూర్చున్నారు. చాప కూడా వాళ్లకే ఇచ్చేశాం. ఇంటికి అతిథులు వస్తే చుక్క ఇప్పటికీ లోపలి గదిలోకి వెళ్లిపోతుంది, ఎవరైనా చెయ్యి పైకెత్తితే వంగిపోతుంది. బహుశా ఇవి పూర్తిగా పోవు. అతిథులను గదిలోకి వెళ్లొద్దని చెప్పడమే వాళ్లకు మేమిచ్చిన సలహా, వాళ్లు అలాగే చేస్తున్నారు.

కార్యక్రమంలో ఏం మారింది

ఇప్పుడు భయపడే కుక్కకు ఒక్క విద్యార్థిని ఎప్పుడూ ఇవ్వం. ఇద్దరిని ఇస్తాం, వేరే కాలేజీల వాళ్లయితే మంచిది, పరీక్షలు ఒకేసారి రావు. చేరే ఫారంలోనే పరీక్షల తేదీలు, సెలవుల తేదీలు అడుగుతాం. రెండో మనిషి పని మొదటి మనిషి వెళ్లడానికి కనీసం మూడు వారాల ముందు మొదలవుతుంది. నోట్‌బుక్ కుక్కది, వాలంటీర్‌ది కాదు. చేతులు మారినా అదే పుస్తకం కొనసాగుతుంది.

ఈ పద్ధతి అన్ని కుక్కలకూ సరిపోదు. మనుషులను ఇష్టపడుతూ, షెల్టర్‌లో ఒంటరితనంతో నలిగిపోయే కుక్కకు పక్కకు తిరిగి కూర్చోవడం శిక్ష. దానికి ఆట, నడక, ఒళ్లు నిమిరే చెయ్యి కావాలి. కొపోలా, గ్రాండిన్ బృందం 2006లో చూపినట్టు, షెల్టర్‌కు వచ్చిన రెండో రోజే సుమారు ముప్పావు గంట మనిషితో గడిపిన కుక్కలకు మర్నాడు కార్టిసాల్ తక్కువగా ఉంది. ఏ కుక్కకు ఏది కావాలో తేల్చాల్సింది సిబ్బంది, కొత్తగా వచ్చిన విద్యార్థి కాదు. కరిచిన చరిత్ర ఉన్నవి, వారాలు గడిచినా మనుషులు లేనప్పుడు కూడా తిననివి, తమ కాళ్లను తామే కొరుక్కునేవి పశువైద్యుడి దగ్గరికి వెళ్తాయి. వాటిలో కొన్నింటికి మందులు అవసరమవుతాయి. వాటి బాధ్యత విద్యార్థి భుజాల మీద పెట్టం, వాళ్లు ఎంత బతిమాలినా సరే.